వడ్డించే గరిటె ఎవరి చేతిలో?

పెళ్ళి భోజనాల దగ్గర మనవాళ్ళు చెప్పుకునే సామెత ఒకటుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదట. గారైనా, బూరైనా, నేతి చుక్కైనా మన విస్తట్లోకి రాక తప్పదు. వడ్డించేవాడు మనల్ని ఎరగనివాడైతే మొదటి బంతిలో కూర్చున్నా సాంబారు నీళ్ళే గతి.

బొమ్మల లోకంలోనూ అచ్చం ఇదే తంతు. ఎవరి బొమ్మ గోడకెక్కాలి, ఎవరిది అటక మీద దుమ్ము పట్టాలి, ఎవరి పేరు పెద్దక్షరాల్లో రాయాలి, ఎవరి పేరు అసలు రాయనక్కర్లేదు... ఇవన్నీ తేల్చే మనిషిని క్యూరేటర్ అంటారు. బొమ్మ వేసినవాళ్ళ పేరు మనకు తెలుస్తుంది. కోట్లు పోసి కొంటే ఆ ధర పేపర్లో వస్తుంది. మధ్యలో గరిటె పట్టుకుని నిలబడ్డ ఈ మనిషి సంగతే ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకంటారా? ఈ పదేళ్ళలో మన ఉపఖండపు స్త్రీల కళకు విదేశాల్లో మునుపెన్నడూ లేనంత మర్యాద దక్కింది. 2017లో పారిస్‌లోని పాంపిడూ సెంటర్ నళినీ మలానీ జీవితకాలపు పనినంతా ఒకచోట చేర్చి చూపించింది. 2019లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్ళు మృణాళినీ ముఖర్జీ తాళ్ళ శిల్పాలకు పెద్ద ప్రదర్శన పెట్టారు. 2025లో లండన్‌లోని సర్పెంటైన్ గ్యాలరీ అర్పితా సింగ్‌కి పెద్దపీట వేసింది. అదే ఏడాది అక్టోబరు చివర్లో లండన్ రాయల్ అకాడమీ మృణాళినితోపాటు ఆమె చుట్టూ ఉన్న కళాకారులందరినీ కలిపి మరో ప్రదర్శన మొదలుపెట్టింది.

సంతోషించాల్సిందే. కానీ ఒక్కసారి వయసులు లెక్కేయండి. పారిస్ ప్రదర్శన నాటికి మలానీకి 71 ఏళ్ళు. లండన్ ప్రదర్శన నాటికి అర్పితా సింగ్‌కి 87. భారతదేశం బయట ఒక పెద్ద సంస్థ ఆమె ఒక్కరి బొమ్మలతో ప్రదర్శన పెట్టడం అదే మొదటిసారి! మృణాళిని మాటేమిటి? 2015లో ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఆమె జీవితకాలపు ప్రదర్శన మొదలైంది. మొదలైన వారానికే ఆమె కన్నుమూసింది. న్యూయార్క్ వైభవం ఆమె చూడలేదు.

బంతులన్నీ లేచాక వీళ్ళ విస్తట్లో వడ్డన జరిగిందన్నమాట. ఇంత ఆలస్యం ఎందుకైంది? వీళ్ళు బాగా వెయ్యకపోవడం వల్ల మాత్రం కాదు. గరిటె పట్టుకున్న చేతికి వీళ్ళు ఆనకపోవడం వల్ల.

ఒక శిష్యురాలి వడ్డన

క్యూరేటర్ అంటే ఒకప్పుడు మ్యూజియంలో వస్తువులు చెడిపోకుండా చూసుకునే ఉద్యోగి. ఇప్పుడా పని బాగా పెరిగింది. ఏ బొమ్మలు చూపాలో ఎంచుకోవాలి. అవి ఎవరెవరి ఇళ్ళల్లో ఉన్నాయో వెతికి, బతిమాలి తేవాలి. రవాణా, బీమా చూసుకోవాలి. ఏ గోడకి, ఎంత ఎత్తులో, ఏ వెలుతురులో, ఏ బొమ్మ పక్కన పెట్టాలో ఆలోచించాలి. చివరికి దాని పక్కన చిన్న చీటీ మీద నాలుగు వాక్యాలు రాయాలి. చూడవచ్చినవాళ్ళు ముందు చదివేది ఆ నాలుగు వాక్యాలే. అందులో "ఫలానా చిత్రకారుడి భార్య" అని మొదలుపెడితే ఆవిడ బతుకంతా ఆ ముక్కలోనే ఇరుక్కుపోతుంది.

గరిటె చెయ్యి మారితే ఏమవుతుందో చెప్పడానికి నస్రీన్ మొహమ్మదీ కథ చాలు. 1937లో పుట్టిన నస్రీన్ 1972 నుంచి బరోడాలో చిత్రలేఖనం పాఠాలు చెప్పేది. మనుషులు, దేవుళ్ళు, చెట్లు, పిట్టలు ఏమీ లేకుండా, కాగితం మీద సన్నటి గీతలు గీసేది. తన బొమ్మలకు పేరు పెట్టేది కాదు, తేదీ వేసేది కాదు. చేతులు స్వాధీనం తప్పే జబ్బు వచ్చినా ఆ గీతల తీరు చెడనివ్వలేదు. 1990లో, 53 ఏళ్ళకు చనిపోయింది. బతికుండగా కళాకారుల మధ్య గౌరవం ఉండేదే గానీ బయటి జనానికి ఆ పేరు తెలిసింది తక్కువ.

బరోడాలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళలో రూబినా కరోడే ఒకరు. ఢిల్లీలో 2010లో మొదలైన కిరణ్ నాడార్ మ్యూజియంలో ఆమె ముఖ్య క్యూరేటర్ అయ్యారు. 2013లో తన గురువు బొమ్మలను వెతికి, కూడగట్టి పెద్ద ప్రదర్శన చేశారు. అది 2015లో మాడ్రిడ్ వెళ్ళింది. 2016లో న్యూయార్క్‌లో మెట్ బ్రాయర్ అనే కొత్త మ్యూజియం తలుపులు తెరిచినప్పుడు మొదట వేలాడదీసిన వాటిలో ఆ గీతలున్నాయి. నస్రీన్ పోయి అప్పటికి పాతికేళ్ళు దాటింది. ఆ గీతలు మారలేదు. వాటి విలువ తెలిసిన మనిషి చేతికి గరిటె వచ్చింది, అంతే.

పిలుపు రాకపోతే ఏం చేశారు?

1979లో నళినీ మలానీ న్యూయార్క్ వెళ్ళినప్పుడు అక్కడ ఎ.ఐ.ఆర్. అనే గ్యాలరీ చూసింది. ఆడవాళ్ళే కలిసి పెట్టుకుని, ఆడవాళ్ళే నడుపుకుంటున్న గ్యాలరీ అది. మన దేశంలో కూడా స్త్రీల బొమ్మలతో ఒక పెద్ద ప్రదర్శన చెయ్యాలని అప్పుడే ఆమెకు అనిపించింది. అనుకున్నంత పెద్దది కాలేదు. చివరికి నలుగురు మిగిలారు. మలానీ, అర్పితా సింగ్, నీలిమా షేక్, మాధవీ పరేఖ్. ఈ నలుగురూ నీటిరంగుల బొమ్మలు వేసి, 1987 నుంచి 1989 దాకా దేశంలో ఐదు చోట్ల ప్రదర్శించారు. భోపాల్‌లోని భారత్ భవన్‌తో మొదలుపెట్టారు. అమ్మకాల గ్యాలరీల జోలికి పోలేదు.

నీటిరంగులే ఎందుకు? ఆయిల్ పెయింటింగంటే పెద్దమనుషుల వ్యవహారం, కాగితం మీద నీటిరంగులంటే చిన్నపని అనే చులకన ఉన్న రోజులవి. పైగా కాగితాలు చుట్టి పట్టుకుపోవచ్చు, వంటింటి బల్ల మీద కూడా వేసుకోవచ్చు. ఇల్లూ పిల్లలూ చూసుకుంటూ బొమ్మలు వేసే ఆడదానికి ఇదెంత అవసరమో వేరే చెప్పాలా? ఈ నలుగురిలో మాధవీ పరేఖ్ ఏ కళాశాలలోనూ చదువుకోలేదు. గుజరాత్ పల్లెలో పుట్టి, చిన్నప్పుడు చూసిన ముగ్గులు, కుట్లు, కథలనే బొమ్మల్లోకి తెచ్చుకుంది.

అప్పట్లో వాళ్ళను క్యూరేటర్లని ఎవరూ అనలేదు. కానీ వాళ్ళు చేసింది ఆ పనే. ఎవరూ వడ్డించకపోతే తామే లేచి వడ్డించుకున్నారు.

సరిహద్దుకి అవతల

పక్కదేశాల్లో సంగతి ఇంకా కష్టం. పాకిస్తాన్‌లో జియా ఉల్ హక్ పాలన రోజులు. డబ్బు వ్యవహారాల్లో ఇద్దరాడవాళ్ళ సాక్ష్యం ఒక మగవాడి సాక్ష్యంతో సమానమనే చట్టం తేబోతున్నారని తెలిసి 1983 ఫిబ్రవరి 12న లాహోర్‌లో ఆడవాళ్ళు రోడ్డెక్కారు. లాఠీలు తిన్నారు. ఆ ఏడాదే అక్కడి మహిళా కళాకారులు కొందరు కలిసి తమ హక్కుల ప్రకటన ఒకటి రాసుకున్నారు. వాళ్ళలో లాలా రుఖ్ కూడా ఉండే ఉద్యమం చిత్రమైనది. పోస్టర్లు అచ్చు వెయ్యడానికి ప్రెస్సులు జంకితే ఆమె ఇంట్లోనే స్క్రీన్ ప్రింటింగ్ పెట్టుకుని పోస్టర్లు వేసేది. అదే చేతితో సన్నటి, నిశ్శబ్దమైన సముద్రపు గీతలూ గీసేది.

వీళ్ళందరి పనినీ గుర్తుపెట్టుకున్న మనిషి సలీమా హష్మీ. కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ కూతురు. లాహోర్ కళాశాలలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన ఆమె, తన దేశపు మహిళా కళాకారుల జీవితాలను, బొమ్మలను 2002లో ఒక పుస్తకంగా తెచ్చింది. 2009లో న్యూయార్క్‌లోని ఏషియా సొసైటీలో పాకిస్తాన్ కొత్త కళ ప్రదర్శనకు తనే క్యూరేటర్. పాకిస్తాన్ అంటే బాంబులే అనుకునే ఊళ్ళో ఆ దేశపు బొమ్మలను నిలబెట్టి చూపించింది.

బంగ్లాదేశ్‌లో తయెబా బేగం లిపి ఉంది. ఆమె షేవింగ్ బ్లేడ్లతో మంచాలు, బట్టలు, ఇంటి సామాన్లు తయారుచేస్తుంది. స్టీలు తళతళలాడుతూ దూరం నుంచి ఎంతో ముచ్చటగా ఉంటాయి. దగ్గరికెళ్తే తెలుస్తుంది, ముట్టుకుంటే కోసుకుపోతుందని. పల్లెలో ఇంట్లోనే పురుళ్ళు జరుగుతున్నప్పుడు బొడ్డుకోయడానికి బ్లేడు వాడటం చిన్నప్పుడు చూశానని ఆమె చెబుతుంది. మంచం అంటే ఆడదానికి సుఖమూ కావచ్చు, కోతా కావచ్చు. ఆ మంచాన్ని న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియం తన సొంతం చేసుకుంది. 2013లో అక్కడ దాన్ని ప్రదర్శనలో పెట్టిన క్యూరేటర్ జూన్ యాప్ అనే సింగపూర్ మహిళ. లిపి ఒక్కతే పైకొచ్చి ఊరుకోలేదు. 2002లో ఢాకాలో బ్రిట్టో ఆర్ట్స్ ట్రస్ట్ మొదలుపెట్టిన కళాకారుల్లో ఆమె ఒకరు. తన తర్వాతివాళ్ళకు చోటు చూపించడం కూడా వడ్డనే కదా.

కొచ్చిలో లెక్క మారింది, మళ్ళీ?

మన దేశంలో జరిగే కళా ప్రదర్శనల్లో అన్నింటికన్నా పెద్దది కొచ్చి బినాలే. 2012లో మొదలైంది. పాత గిడ్డంగులు, మిరియాల కొట్లు, డచ్చి, ఇంగ్లీషు వాళ్ళ కాలంనాటి భవనాలు ఖాళీ చేసి అందులో ప్రపంచం నలుమూలల బొమ్మలు పెడతారు. స్కూలు పిల్లలు, ఆటోవాళ్ళు, చేపలమ్మే ఆడవాళ్ళు కూడా వచ్చి చూసిపోతారు. ప్రతిసారీ ఒక కళాకారుడినే క్యూరేటర్‌గా పెట్టడం అక్కడి ఆచారం. మొదటి మూడుసార్లూ మగవాళ్ళే.

2018లో మొట్టమొదటిసారి ఒక స్త్రీ, అనితా దూబే, ఆ బాధ్యత తీసుకుంది. ఆమె పిలిచిన కళాకారుల్లో సగానికి పైగా స్త్రీలే! ఇన్నాళ్ళూ "మంచి మహిళా కళాకారులు దొరకడం లేదండీ" అని చెప్పినవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. వెతికితే దొరుకుతారు, వెతకాలనుకోవాలి. గొరిల్లా ముసుగులు వేసుకుని, పేర్లు దాచుకుని 1985 నుంచి పోరాడుతున్న అమెరికా మహిళా కళాకారుల బృందం గెరిల్లా గర్ల్స్ కూడా ఆ ఏడాది కొచ్చి వచ్చింది. న్యూయార్క్ మ్యూజియంలో ఆధునిక కళ విభాగంలో మహిళా కళాకారులు ఐదు శాతం కూడా లేరు, నగ్నచిత్రాల్లో మాత్రం 85 శాతం ఆడవాళ్ళే అని 1989లో లెక్కగట్టి పోస్టర్ వేసినవాళ్ళు వీళ్ళే.

ఆ సందడికి ముందే ఇంకో సంగతి జరిగింది. 2018 అక్టోబరులో "మీ టూ" గొంతులు లేచినప్పుడు, లైంగిక వేధింపుల ఆరోపణల నేపథ్యంలో బినాలే వ్యవస్థాపకుల్లో ఒకరు బాధ్యతల నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. గరిటె ఎవరి చేతిలో ఉందన్నది ఒట్టి గౌరవానికి సంబంధించిన ప్రశ్న కాదని అప్పుడు చాలామందికి అర్థమైంది. పిలుపు ఇచ్చే అధికారం ఒకే చేతిలో ఉన్నచోట, పిలుపు కోసం ఎదురుచూసే అమ్మాయి నోరు విప్పడం ఎంత కష్టం!

తర్వాత 2022లో సింగపూర్‌లో ఉండే శుభిగి రావు క్యూరేటర్ అయింది. 2025 డిసెంబరులో మొదలైన ఆరో బినాలేకి నిఖిల్ చోప్రా, గోవాలోని హెచ్.హెచ్. ఆర్ట్ స్పేసెస్ బృందం కలిసి ఆ పని చేశారు. ఆ బృందంలో స్త్రీలూ ఉన్నారు. మొత్తం మీద ఆరు బినాలేలకు గాను ఒక స్త్రీ ముందుండి నడిపించినవి రెండు. బాగుపడినట్టేనా? సున్నా కన్నా నయమే. సగానికి ఇంకా ఒకటి తక్కువ.

కళ అనాలా, చేతిపని అనాలా?

ఇక్కడిదాకా చెప్పిన పేర్లలో చాలామంది చదువుకున్నవాళ్ళు, నగరాలవాళ్ళు, ఇంగ్లీషు వచ్చినవాళ్ళు. మరి కడపంక్తిలో కూర్చున్నవాళ్ళ మాటేమిటి?

బీహారు మిథిల ప్రాంతంలో ఆడవాళ్ళు పెళ్ళిళ్ళప్పుడు శోభనం గది గోడ మీద తామరలు, వెదుళ్ళు, చేపలతో బొమ్మలు వేస్తారు. దాన్ని కోహ్‌బర్ అంటారు. 1966-67 కరవులో ఆడవాళ్ళకు నాలుగు డబ్బులు వస్తాయని అవే బొమ్మలను కాగితం మీద వేయించడం మొదలుపెట్టారు. అలా వెలుగులోకి వచ్చినవాళ్ళలో గంగాదేవి ఒకరు. మొగుడు మరో పెళ్ళి చేసుకున్నాక కుంచె ఒక్కటే ఆమెకు ఆసరా. 1984లో పద్మశ్రీ ఇచ్చారు. అమెరికా వెళ్ళినప్పుడు అక్కడ చూసిన రోలర్ కోస్టర్‌ని కూడా తన పద్ధతిలోనే గీసింది. క్యాన్సర్ వస్తే ఆస్పత్రి మంచాలను, డాక్టర్లను, సెలైన్ సీసాలను బొమ్మలుగా వేసింది. ఆ జబ్బుతోనే ఢిల్లీలోని క్రాఫ్ట్స్ మ్యూజియంలో ఒక గదికి కోహ్‌బర్ బొమ్మలు వేసింది. 1991లో చనిపోయింది.

ఆ గోడలు ఇప్పుడు లేవు. మ్యూజియం మరమ్మతుల్లో పోయాయని 2015 నాటికి లోకానికి తెలిసింది. పేరున్న ఓ పెద్ద చిత్రకారుడు స్వయంగా గీసిన గోడైతే పలుగు పట్టినవాడు ఒక్క క్షణం ఆగి ఎవరినైనా అడిగేవాడు కాదా? "చేతిపని" అనే చీటీ ఉన్న గోడ గనక, మళ్ళీ ఎవరిచేతనైనా వేయించుకోవచ్చు అనుకున్నట్టుంది.

ఒక్క మాటలోనే ఉంది తేడా అంతా. కళ అంటే వేసిన మనిషి ఉంటుంది, చేతిపని అంటే వేసిన కులమో, ఊరో ఉంటుంది. మన శ్రీకాళహస్తి కలంకారీనే చూడండి. కరక్కాయ నీళ్ళల్లో బట్ట తడిపి, వెదురు కలంతో గీతలు దిద్ది, రంగులు అద్దేవాళ్ళలో ఈరోజు ఎంతోమంది ఆడవాళ్ళున్నారు. ఆ చీర కట్టుకుని పెళ్ళికెళ్తే "ఎక్కడ కొన్నావు?" అని అడుగుతాం. "ఎవరు వేశారు?" అని ఎప్పుడైనా అడిగామా?

ధరల్లో కూడా ఈ మెట్లు కనిపిస్తాయి. 2023లో అమృతా షేర్‌గిల్ వేసిన బొమ్మ 61.8 కోట్లకు అమ్ముడై అప్పటికి భారతీయ కళలో అన్నింటికన్నా ఖరీదైనదైంది. 2025లో హుసేన్ "గ్రామయాత్ర" దాదాపు 118 కోట్లకు వెళ్ళి దాన్ని దాటేసింది. శిఖరం మీద ఒక ఆడమనిషి ఉంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటే పొరపాటు. 1941లో, 28 ఏళ్ళకే పోయిన షేర్‌గిల్ ఒక్కరిని చూపించి, కొండ కింద నిలబడ్డ వేలమందిని మరిచిపోవడమే అవుతుంది.

అలాగని దారి లేకపోలేదు. 2018 కొచ్చి బినాలేలోనే గోండు కళాకారిణి దుర్గాబాయి వ్యామ్, భర్త సుభాష్ వ్యామ్‌తో కలిసి గోడలనిండా బొమ్మలు పెట్టింది. చిన్నప్పుడు ఇంటి నేల మీద, గోడల మీద ఆడవాళ్ళు వేసే డిగ్నా ముగ్గులతో నేర్చుకున్న చెయ్యి ఆమెది. అక్కడ ఆమెను చేతిపనుల స్టాల్లో కూర్చోబెట్టలేదు. మిగతా కళాకారుల వరసలోనే, తన పేరుతోనే నిలబెట్టారు. 2022లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. మన హైదరాబాద్‌లో వరుణికా సరాఫ్ దారం, సూదితోనే ఈ దేశంలో జరిగిన ఉద్యమాలను, హింసను గుడ్డ మీద కుడుతోంది. ఎంబ్రాయిడరీ అనగానే దిండు గలీబులు గుర్తుకొచ్చేవాళ్ళు ఒకసారి ఆ కుట్లు చూడాలి.

మన చేతిలో ఉన్నది

"ఇదంతా పెద్ద పెద్ద మ్యూజియాల గొడవ, మనకెందుకు?" అనిపించవచ్చు. మనం చెయ్యగలిగినవీ కొన్ని ఉన్నాయి.

ఈసారి పిల్లలను తీసుకుని ఏదైనా ప్రదర్శనకు వెళ్ళినప్పుడు బొమ్మల పక్కనున్న చీటీలు చదవండి. ఆడవాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయో పిల్లలచేత లెక్కపెట్టించండి. ప్రదర్శన కూర్చింది ఎవరో అడగండి. పేరు లేని పని కనిపిస్తే, "ఇది వేసినావిడ పేరేమిటండీ?" అని అక్కడున్నవాళ్ళను అడగండి. పదిమంది అడిగితే పదకొండో చీటీ మీద పేరు రాస్తారు.

ఇంకో పని ఇంట్లోనే ఉంది. అమ్మమ్మ కుట్టిన బొంత, అత్తగారు అల్లిన లేసు, ముగ్గుల పుస్తకం ఏ బీరువా అడుగునో ఉండే ఉంటాయి. వాటి వెనక చిన్న గుడ్డముక్క కుట్టి, ఆవిడ పేరు, ఊరు, సంవత్సరం రాసిపెట్టండి. నస్రీన్ తేదీలు వెయ్యకపోతే ఆమె బొమ్మల వరస పట్టుకోవడానికి పండితులు నానా తంటాలు పడాల్సి వచ్చింది. మన ఇంట్లోవాళ్ళ విషయంలో ఆ తంటా ఎందుకు?

చివరగా ఒక మాట గరిటె చేతికొచ్చిన ఆడవాళ్ళకి కూడా చెప్పుకోవాలి. మనం పుట్టినప్పటినుంచీ వడ్డిస్తూనే ఉన్నాం. ఏ బంతిలో ఎవరి విస్తట్లో ఏమి తగ్గిందో చూడకుండానే చెప్పగలం. ఆ చూపే గ్యాలరీలోకి కూడా తెచ్చుకోవాలి. వడ్డించేది మనదే అయినప్పుడు మన పక్కన కూర్చున్నవాళ్ళకే మళ్ళీ మళ్ళీ వేస్తే సామెత నిజమవుతుంది గానీ న్యాయం జరగదు. కడపంక్తి దాకా నడిచి వెళ్ళి, అక్కడ గంగాదేవి లాంటి ఆవిడ కూర్చుని ఉంటే, ఆవిడ బొమ్మ వేసిన గోడ కూలకముందే ఆవిడ విస్తట్లో వడ్డించాలి.